అరవై రెండని చెప్పిన ఉదయం

ఆ ఊళ్ళో కరెంటు టాక్సీలు నడిపేవాళ్ళంతా ఆవిడను నిండుకుండ అని పిలుస్తారు. నిండుకుండ తొణకదని సామెత చెప్పినవాడెవరో ఈవిడను చూసి ఉండడు. ఈ కుండ నిండేదాకా తొణుకుతూనే ఉంటుంది. బ్యాటరీ డెబ్భైకి దిగితే నోరు తడారిపోతుంది. యాభైకి దిగితే వెనక కూర్చున్నవాళ్ళు ఏం అడిగినా ఊఁ అనడమే తప్ప మాట పెగలదు. ముప్పై లోపు ఆవిడ చూసింది జీవితంలో ఒక్కసారే.

ఆ ఒక్కసారి సంగతి చెబితే గాని మిగతాది అర్థం కాదు. బండి నడపడం మొదలుపెట్టిన రెండో నెల అది. ఒక ముసలి దంపతుల్ని ఊరి చివర దింపి వచ్చేసరికి పన్నెండు శాతం మిగిలింది. ఫోన్లో మ్యాపు తీస్తే దగ్గర్లో మూడు చార్జింగ్ స్టేషన్లు పచ్చగా మెరుస్తున్నాయి. మొదటిదానికి వెళితే యంత్రం ఉంది, బండికి తగిలించే గన్ను లేదు. రాగి కోసం ఎవరో తీగతో సహా కోసుకుపోయారు. రెండోది ఒక ఆఫీసు ఆవరణలో ఉంది, ఆదివారం కనుక గేటుకు తాళం. మూడోదాని ముందు ఎవరో ఇల్లు కట్టుకుంటూ లారీడు ఇసుక పోయించారు. చివరికి నాలుగు రోడ్ల కూడలిలో, సిగ్నల్ పచ్చపడ్డాక, బండి ఆగిపోయింది. వెనక హారన్లు, తిట్లు. ఒక పెద్దమనిషి అద్దం దించి మరీ "ఇంట్లో కూర్చోక ఎందుకమ్మా నీకివన్నీ" అని హితబోధ చేసి వెళ్ళాడు. నలుగురు తోసి బండిని పక్కన పెట్టారు. ఆ రోజు పట్టుకున్న భయం ఆ తర్వాత పూర్తిగా పోలేదు.

ఆవిడ పుట్టు డ్రైవరు కాదు. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. బండి నడిపింది భర్త. ఇరవై ఆరేళ్ళు బస్సు డ్రైవరు. చక్కెర జబ్బు ఆయన కళ్ళు తినేసింది. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప మరేం కనబడవు. ఆవిడకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, పక్క సీట్లో కూర్చుని చెవులతో. బస్సయితే ఇంజను చప్పుడు విని గేరు చెప్పగలడు. ఈ కరెంటు బండికి చప్పుడే లేకపోయేసరికి నెత్తి కొట్టుకున్నాడు. "దీనికి గొంతే లేదు, ఏం విని నేర్పమంటావే?" అనేవాడు. అయినా నేర్పాడు. ఇప్పుడాయన ఇంట్లో తడుముకుంటూ కూరలు తరిగి, అంట్లు కడిగి, భార్య వచ్చేదాకా రేడియో వింటాడు. ఆవిడ వచ్చి ఇవాళ ఎంత భయపడిందీ చెబితే నవ్వుతాడు.

"నీ భయానికో ప్లగ్గు పెడితే ఊరంతా లైట్లు వెలుగుతాయే. మనకీ చార్జింగ్ బాధ తప్పుతుంది."

ఊరి మ్యాపులో మొత్తం పదకొండు స్టేషన్లున్నాయి. పదకొండూ ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. మ్యాపుకేం, దానికి చార్జింగ్ అక్కర్లేదు. నిజంగా పనిచేసేవి మూడో నాలుగో, అవీ వాటి ఇష్టం. నమ్మకంగా పనిచేసేది ఆటల మైదానం వెనక గోడనానుకుని ఉన్న ఒక్కటే. దానికీ ఒక లోపం ఉంది. ఎండకు కాగి కాగి యంత్రం మీద అంకెలు చూపే అద్దం తెల్లబడిపోయింది. బండిలో ఎంత నిండిందో బయటివాళ్ళకు కనబడదు. అందుకని డ్రైవర్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. గోడకు ఒక పలక వేలాడుతుంది. వచ్చినవాడు వచ్చిన వరసలో తన పేరు, బండిలో ఉన్న శాతం, పోవలసిన చోటు సుద్దతో రాస్తాడు. గన్ను పెట్టుకున్న బండి ఎనభైకి రాగానే తీసి తర్వాతివాడికి ఇవ్వాలి. ఎనభై దాటాక కరెంటు చుక్కచుక్కగా ఎక్కుతుంది కదా, ఒకడు నిండేదాకా కూర్చుంటే నలుగురు ఎండిపోతారు. ఎంతయిందని అడిగితే చెప్పాలి. చెప్పిన అంకెను ఎవరూ రెండోసారి అడగరు. ఆ ఊళ్ళో ఏ కాగితం మీది సంతకానికీ అంత విలువ ఉండి ఉండదు.

ఆ విలువనే ఆవిడ రోజూ కొంచెం కొంచెం కొరుక్కుతినడం మొదలుపెట్టింది. మొదట్లో ఒకటి రెండు తగ్గించి చెప్పేది. ఎనభై ఒకటి ఉంటే డెబ్భై తొమ్మిది అనేది. తర్వాత నాలుగైదు. తప్పని తెలుసు. చెప్పినప్పుడల్లా చెవులు వేడెక్కేవి. కానీ కూడలిలో ఆ హారన్లు గుర్తొచ్చేసరికి చెవులు చల్లారిపోయేవి. భయస్తులు పాపం అమాయకులని లోకం అనుకుంటుంది గాని, భయం చేయించినన్ని తప్పుడు పనులు దురాశ కూడా చేయించలేదు.

ఆ సోమవారం ఉదయం ఏడూ నలభైకి ఆవిడ బండి గోడపక్కన గన్ను పెట్టుకుని ఉంది. ఫోన్లో చూసుకుంటే ఎనభై నాలుగు. తొమ్మిదింటికి రైల్వేస్టేషనుకు ఒక బేరం ఉంది. స్టేషను నాలుగు కిలోమీటర్లు. ఉన్న చార్జింగుతో పాతికసార్లు వెళ్ళిరావచ్చు. అయినా గన్ను తీయబుద్ధి కాలేదు. భయానికి లెక్కలు రావు.

అప్పుడే రాకెట్టు వచ్చాడు. అరవై దాటిన మనిషి, పాత బండి, గంటకు నలభై దాటి పోనివ్వడు కనుక వెక్కిరింతగా ఆ పేరు. బ్యాటరీ ముసలిదై, నిండా పట్టించినా నూట ఇరవై కిలోమీటర్లు మించి రాదు. మేడమీద అద్దెగదిలో ఉంటాడు కనుక ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీల్లేదు. పొద్దున్నే లేచి మూడు పచ్చ స్టేషన్లు తిరిగి, మూడూ చచ్చి ఉంటే, తిరిగినందుకు ఉన్న చార్జింగు కూడా కరగబెట్టుకుని వచ్చాడు. పలక మీద ఏదో రాసి ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, ఎంతైంది?"

"అరవై రెండన్నయ్యా."

అంత పెద్ద అబద్ధం ఆవిడ ఎప్పుడూ ఆడలేదు. ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు, నోట్లోంచి జారిపడింది. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"అరవై రెండా... ఎనభైకింకో అరగంట పడుతుంది. అంత టైం లేదమ్మా నాకు. నలభై ఒకటుంది, ఏసీ ఆపేసి మెల్లగా పోతే చాల్తుందిలే. నువ్వు కానియ్యి."

ఇంకొకడైతే బతిమాలేవాడు, కనీసం వెనక ఎవరున్నారో చెప్పేవాడు. రాకెట్టు ఒకసారి అడిగితే రెండోసారి అడిగే రకం కాదు. ఆయన బండి వెనక సీట్లో కిటికీకి తల ఆనించుకుని ఎవరో ఉన్నారు. ఆవిడ చూపు అటు పోయి, వెంటనే వెనక్కి వచ్చేసింది. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు. బండి చప్పుడు లేకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

తొంభై ఏడయ్యేసరికి ఎనిమిదీ ఇరవై ఐదు. గన్ను తీసి గోడకు తగిలించి, పలక మీద తన వరస చెరపడానికి వెళ్ళింది. కిందనే రాకెట్టు గుండ్రటి అక్షరాలు. వెళ్ళేముందు తన పేరు మీద తనే గీత కొట్టి పోయాడు, అయినా చదవడానికి వస్తోంది. రాకెట్టు, నలభై ఒకటి, డయాలసిస్.

సోమ, బుధ, శుక్రవారాలు ఆయన ఎవరో టీచరమ్మను కొండ అవతలి ఊరి ఆసుపత్రికి తీసుకెళతాడని అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. శని, ఆదివారాలు రక్తం శుభ్రం కాకుండా గడిచిన ఒంటికి సోమవారం ఎంత ముఖ్యమో ఒకనాడు ఆయనే టీ తాగుతూ చెప్పాడు. యాభై కిలోమీటర్లు. మధ్యలో కొండ. నూట ఇరవైలో నలభై ఒక శాతమంటే నలభై తొమ్మిది కిలోమీటర్లు, అదీ చదును నేల మీద.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు రాకెట్టు, అది ఆయన నియమం. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. స్టేషను బేరం వాళ్ళకు వేరే బండి చూసుకోమని చెప్పి, సీట్లో కూర్చుని, ఊరి బయటికి తిప్పింది.

దారిలో భర్తకు ఫోన్ కలిపింది.

"ఏవండీ, మన పాత రూట్లో కొండెక్కే దారి గుర్తుందా మీకు?"

"ఇరవై ఏళ్ళు తొక్కినదాన్ని మర్చిపోతానా. ఏం, నువ్వెందుకు పోతున్నావటు?"

చెప్పింది. మొత్తం చెప్పింది. అవతల రేడియో ఆగిపోయిన చప్పుడు వినబడింది.

"ఎంతని చెప్పావ్?"

"అరవై రెండు."

"ఉన్నదెంత?"

"ఎనభై నాలుగు."

ఆయన నవ్వలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ భయపడ్డానని చెబితే ఆయన నవ్వకపోవడం అదే మొదలు.

"విను," అన్నాడు చివరికి. "ఆ బండి కొండ మొదట్లో ఆగదు. మూడో మలుపు దగ్గర నిట్టనిలువు ఎత్తు ఉంటుంది, అక్కడాగుతుంది. అక్కడ పక్కకు తీయడానికి జానెడు చోటు లేదు. పైనుంచి కంకర లారీలు దిగుతుంటాయి, మలుపు తిరిగేదాకా వాళ్ళకేం కనబడదు. నువ్వు పోయేటప్పుడు రెండో మలుపు నుంచే లైట్లేసుకుని హారన్ కొడుతూ పో. ఫోన్ పెట్టెయ్, రోడ్డు చూడు."

వేగం అరవై దాటి ఎన్నడూ పోనివ్వని మనిషి ఆ రోజు తొంభైలో వెళ్ళింది. బ్యాటరీ తొంభై ఏడు తొంభై అయింది, ఎనభై ఐదయింది, ఆవిడ పట్టించుకోలేదు. రోడ్డు పక్క ఆగి ఉన్న ప్రతి బండీ రాకెట్టుదేననిపించింది. ఒకచోట తెల్ల బండి చుట్టూ జనం మూగి ఉంటే బ్రేకు తొక్కింది. చూస్తే ఎవరో పుచ్చకాయలమ్ముకుంటున్నారు. మరోసారి ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చింది. ఎంగేజంటే బండి ఆగిందన్నమాట. నడుపుతూ మాట్లాడడు కదా.

దేవుణ్ణి తలుచుకుందామంటే సిగ్గేసింది. ఏమని తలుచుకోవాలి? నేను ఆడిన అబద్ధానికి ఆ టీచరమ్మ ప్రాణం తీయకయ్యా అనా?

మూడో మలుపు దగ్గరే ఆగి ఉంది బండి. సగం రోడ్డు మీదే. వెనక చక్రం కింద రాళ్ళు. రాకెట్టు పైన మలుపులో నిలబడి, సీటు కవరు పీకి దాన్ని ఊపుతూ దిగే లారీల్ని ఆపుతున్నాడు. చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయింది. ఆవిడ బండిని చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు.

"చెల్లెమ్మా! నువ్వెలా వచ్చావమ్మా ఇటు? అంబులెన్సుకు చేస్తే గంట పైనే అన్నారు. రెండు కార్లు పోయాయి, ఒక్కడాపలేదు. దేవుడు పంపినట్టొచ్చావు తల్లీ!"

చెంపమీద కొట్టినా ఆవిడకు అంత నొప్పి పుట్టేది కాదు. ఆయన బండి వెనక తలుపు తీసింది. లోపల టీచరమ్మ, నలభై ఏళ్ళ మనిషి, ముందు సీటు మీదికి వంగి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో నీళ్ళు కదిలిన చప్పుడవుతోంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఈ బండిలోకి మార్చారు. పది అడుగుల దూరానికి మూడుసార్లు ఆగవలసి వచ్చింది. రాకెట్టు రాలేనన్నాడు. బండిని అలా వదిలేస్తే ఏ లారీవాడో గుద్ది లోయలో పడతాడు.

"నువ్వు పో. తొమ్మిదిన్నరకి మిషను. దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, మళ్ళీ సాయంత్రమే. సాయంత్రందాకా..." అని మాట మింగేశాడు.

పదహారు కిలోమీటర్లు. అద్దాలన్నీ దించింది. నాలుగో మలుపు దాటాక వెనకనుంచి టీచరమ్మ మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఏదైనా... మాట్లాడండి. నేను... వింటాను."

ఏం మాట్లాడాలి? ఆవిడ నోట్లో ఆ రోజు ఒకటే మాట ఉంది. అదే బయటికొచ్చింది.

"అమ్మా, పొద్దున మైదానం దగ్గర చార్జింగ్ పెట్టుకున్న బండి నాదే. అన్నయ్య ఎంతైందని అడిగితే అరవై రెండన్నాను. ఎనభై నాలుగుంది. అప్పుడే తీసిస్తే పావుగంటలో ఈ కొండెక్కేంత నిండేది మీకు. నాకే అవసరమూ లేదమ్మా. భయమేసింది, అంతే. నాకెప్పుడూ భయమే."

అద్దంలో చూసింది. టీచరమ్మ కళ్ళు తెరిచి ఆవిడ వంకే చూస్తోంది. తర్వాత ఆ కళ్ళు మూతపడ్డాయి. గొంతులో చప్పుడు వినబడలేదు.

"అమ్మా! టీచరమ్మా! పలకండమ్మా!"

ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. ఆవిడ చేతుల్లో స్టీరింగు తడిసి జారుతోంది. ఆపితే ఆలస్యమవుతుంది, ఆపకపోతే వెనకున్నది మనిషో శవమో తెలియదు.

"ఉన్నా," అంది వెనక గొంతు. "పోనివ్వండి."

తొమ్మిదీ ఇరవై రెండుకు ఆసుపత్రి చేరారు. చక్రాల కుర్చీ తెచ్చిన నర్సు టీచరమ్మ ముఖం చూసి, ఆవిడ ముఖం చూసి, "ఇంతసేపా? దారిలో ఏం చేస్తున్నారు?" అని కసిరి లోపలికి తోసుకుపోయింది. తలుపు మూసుకుంది.

నాలుగు గంటలు ఆ తలుపు ఎదుట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది ఆవిడ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది. లోపలినుంచి ఎవరు వచ్చినా తన దగ్గరికే వస్తున్నారనుకుంది, ఆ మాట చెప్పడానికే వస్తున్నారనుకుంది. ఒకామె వచ్చి ఈ కుర్చీ ఖాళీయేనా అని అడిగితే ఏడ్చినంత పనిచేసింది. భర్త రెండుసార్లు ఫోన్ చేశాడు. "ఇంకా తెలీదండీ" అంది రెండుసార్లూ. ఆయనా ధైర్యం చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా టీచరమ్మ నడుచుకుంటూ వచ్చింది. మోచేతికి దూది, మీద ప్లాస్టరు. ముఖం వాపు దిగి, వేరే మనిషిలా ఉంది. ఆవిడ లేచి చేతులు జోడించబోతే వద్దన్నట్టు తలాడించింది. బండిలో ముందు సీట్లో కూర్చుంది.

టీచరమ్మ ఆ ఊరు దాటాక అంది.

"నలభై ఒకటికి కొండ దాటదని బయల్దేరేటప్పుడే తెలుసు నాకు. లెక్కల టీచర్ని కదా."

"తెలిసీ ఎందుకెక్కారమ్మా?"

"ఇంకో బండి లేదు."

ఆవిడకు కళ్ళు మసకబారాయి. తుడుచుకుందామంటే చేతులు స్టీరింగు వదలలేదు.

"ఆయనకి నేను చెప్పను," అంది టీచరమ్మ. "మీరే చెప్పండి. ఎల్లుండి కూడా రావాలి నేను."

తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు, క్షమించడమూ లేదు. బతకాలంటే ఎల్లుండి ఆ గన్ను దొరకాలి, అంతే ఉంది. ఆవిడకు పొద్దుటికన్నా ఎక్కువ భయం వేసింది.

మూడో మలుపులో రాకెట్టు రాతి మీద కూర్చుని ఉన్నాడు. బండిని అప్పటికే క్రేనుతో ఎత్తి కిందికి పంపించాడట. టీచరమ్మను చూడగానే నోరంతా తెరిచి నవ్వాడు. ఆవిడ బండి దిగగానే ఎదురొచ్చి చేయి పట్టుకోబోయాడు.

"చెల్లెమ్మా, నీ రుణం..."

"అన్నయ్యా, ఆ మాటనకండి. పొద్దున మీరడిగినప్పుడు ఎనభై నాలుగుంది."

"ఏంటమ్మా?"

"నా బండిలో. అరవై రెండు కాదు. ఎనభై నాలుగు."

ఆయన చేయి కిందికి దిగింది. టీచరమ్మ ఉబ్బిన ముఖం గుర్తొచ్చిందేమో, బండి వైపు చూశాడు. మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. తిడతాడని, కొడతాడని కూడా అనుకుంది ఆవిడ, కొడితే బాగుండుననుకుంది. ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

కొండ దిగారు. టీచరమ్మ నిద్రలోకి జారుకుంది. పొలాలు దాటాయి, ఇటుక బట్టీలు దాటాయి. ఊరింకా పాతిక కిలోమీటర్లుందనగా వెనకనుంచి ఆయన అడిగాడు.

"ఎంతుంది?"

"యాభై ఎనిమిదన్నయ్యా."

ఆయన ముందుకు వంగి, రెండు సీట్ల మధ్యలోంచి తల పెట్టి, అంకెను తన కళ్ళతో చూసుకున్నాడు.